పెరట్లో మూడు ముంతలు

ద్రాక్ష వైన్ వయసు ఏళ్లలో చెబుతారు. కల్లు వయసు గంటల్లోనే.

మాఘమాసం పొద్దున్న, శ్రీకాకుళం జిల్లాలో ఓ ఇంటి పెరడు. మూడు ముంతలు: తాడి, ఈత, సీతంపేట కొండల నుంచి దిగిన జీలుగు. తెచ్చినవాళ్లు ఇంటాయన చిన్ననాటి నేస్తాలు, మోకు కట్టి చెట్టెక్కే గీతవాళ్లు. తాటాకు డొప్పలో పోసి ముందు వాసన, తర్వాత నురగ, ఆ తర్వాతే గుటక. తాడికల్లు నాలిక మీద పడగానే ఒకతను మొహం చిట్లించాడు. "ఇది ఇయ్యాల్ది కాదు బావా, నిన్నటిది. పులుపు తెలీట్లేదేటి?"

అతని నాలిక చెప్పింది శాస్త్రమే. చెట్టు నుంచి కారేటప్పుడు కల్లు తియ్యటి నీరు. గాల్లోంచి, పాత ముంత గోడల నుంచి ఈస్ట్ చేరగానే చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. ఒక రోజు దాటితే వెనిగర్ దారి పడుతుంది. ముంత లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యటి నీరాగా నిలుస్తుంది.

జీలుగు చెట్టుకు తాటికన్నా ఎక్కువ కల్లు పారుతుంది. ఆ కొండల్లోని సవర, జాతాపు గిరిజనుల ఊళ్లలో ఆ చెట్టు ఇంటి ఆస్తి లెక్క.

ఆ పొద్దున్న ముందుగా ఖాళీ అయింది జీలుగు ముంతే.