వుయ్ అంటే మేమా, మనమా?

సాయంత్రం మా అమ్మాయికి ప్రొనౌన్లు చెబుతున్నాను. "వుయ్ ఆర్ గోయింగ్ టు ద మార్కెట్" అని రాసి తెలుగులో చెప్పమన్నాను. పెన్సిల్ ఆపి అడిగింది: "నాన్నా, ఇందులో నేనూ వస్తున్నానా, రావట్లేదా?"

ఎంత మంచి ప్రశ్న! వినేవాళ్లని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెండిటికీ వుయ్ ఒక్కటే. యూ కథ ఇంకోటి. ఒకప్పుడు ఒక్కరైతే దౌ అనేవారు. పదిమందికి వాడే యూని, మన మీరులాగే, గౌరవం కోసం ఒక్కరికీ వాడటం మొదలైంది. రానురాను దౌ జారిపోయింది, ఇప్పుడు అమ్మకీ అధికారికీ చంటిపిల్లకీ యూనే.

రిఫ్లెక్సివ్, రిలేటివ్, డిమాన్‌స్ట్రేటివ్ అని పేర్లు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. వాక్యంలో పెట్టి చూపిస్తే పిల్లలకి ఇట్టే పట్టుబడుతుంది. "రవి టోల్డ్ రాము దట్ హిజ్ పెన్ వాజ్ లాస్ట్." ఎవరి పెన్ను పోయినట్టు? ఇంగ్లీషు తేల్చదు. "రవి తన పెన్ను పోయిందని రాముతో చెప్పాడు" అంటే మాత్రం పోయింది రవి పెన్నే. ఆ చిన్న 'తన' ఎంత పని చేస్తుందో!

మా అమ్మాయి ఆ మొదటి వాక్యం కింద "మనం బజారుకి వెళ్తున్నాం" అని రాసేసి, చెప్పులేసుకోవడానికి లేచింది.