పదో తరగతి సరే, ఆరో తరగతి సంగతేటి?

గుమ్మలక్ష్మీపురంలో ఎవరినైనా పలకరించి వాన ఎలా పడిందని అడిగితే ఒక్క మాటలో చెప్పేస్తారు. జీడిపిక్కల ధర అడిగితే రెండు మాటలు, అందులో ఒకటి తిట్టు. బడి ఎలా ఉందని అడిగారంటే మాత్రం పార్వతీపురం బస్సు మీద ఆశ వదులుకోండి. నేను అడిగాను కాబట్టి చెబుతున్నా. చలికాలం, నెగడు చుట్టూ నలుగురం చేరాం. మాట హైస్కూలు మీదికి మళ్లింది. కాసేపటికి చూస్తే అందరూ ఒక్క బడి గురించే మాట్లాడుతున్నారు గానీ, వింటుంటే నాలుగు బళ్లున్నాయేమో అనిపించింది. బడి పేరు నాకొద్దు, మీకూ వద్దు. ఈ కొండల్లో ఏ హైస్కూలు గేటు ముందు నిలబడినా ఇవే మాటలు వినిపిస్తాయి.

కొట్టు నడిపే ఆయన మొదలెట్టాడు. "బడేటి బాబూ! మా గుంటడు ఎనిమిది సదువుతున్నాడు. ఇంగిలీసు పుస్తకం ముందట పెడితే బొమ్మలు సూస్తాడు. వచ్చే ఏడు పార్వతీపురంలో పెయివేటులో ఏసేస్తాను." పక్కన కొండ మీది గూడెం నుంచి సంతకు దిగిన ఒకామె ఉంది. కూతురిని ఆశ్రమ పాఠశాలలో వేసిందట. ఆమె ఆయన్ని వింతగా చూసింది. "పొద్దున్న జావ, మద్దేన్నం గుడ్డు, రాత్రి లైటు కింద సదువు. మా ఇంట్లో ఇందులో ఏదుంది? బడి బాగుండకేటి!" అంది.

రిటైరైన మాస్టారు ఒకరున్నారు. ఆయన గొంతు సవరించుకుని వేళ్ల మీద లెక్కబెట్టారు. మన పార్వతీపురం మన్యం జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. మరుసటి ఏడాది, అంటే 2023లో పదో తరగతి ఫలితాలు వచ్చేసరికి 87 శాతం పైగా ఉత్తీర్ణతతో రాష్ట్రంలో మొదటి స్థానం. రాష్ట్రం మొత్తం మీద అప్పుడు 72 శాతమే. 2024లో 96.37 శాతం, మళ్లీ మొదటి స్థానం. 2025లో 93.90, ముచ్చటగా మూడోసారి. "గుంటూరు, విజయవాడ, తిరుపతి అన్నీ మన వెనకాలే గదా, ఇంకేం కావాలయ్యా మీకు?" అని కొట్టు ఆసామి వైపు తిరిగారు. ఆయన మాత్రం తగ్గలేదు. "మరయితే మీ మనవడేటి విశాఖలో సదువుతున్నాడు మాస్టారూ?" అన్నాడు. మాస్టారు నెగడులో ఇంకో పుల్ల వేశారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన సర్కారు ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు. అసలు సర్కారే చెప్పలేకపోయింది. గిరిజన పిల్లలను ప్రైవేటు బళ్లలో చేర్చి ఫీజు తానే కట్టే 'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకం నడిపిన ప్రభుత్వం మనది. తన బడి పక్కనుండగా పక్కవాడి బడికి డబ్బు కట్టి పిల్లవాడిని పంపాక, ఊళ్లోవాళ్లు నమ్మలేదని బాధపడితే ఎలా?

అయినా మాస్టారి లెక్కను నేను తీసిపారేయను. 2025లో రాష్ట్రంలో ఆఖరి స్థానం ఎవరిదో గుర్తుందా? అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64 శాతం. అక్కడా కొండలే, అక్కడా ఆశ్రమ పాఠశాలలే. పిల్లల ఇళ్లలో ఉన్న చదువూ, లేని డబ్బూ ఇంచుమించు ఒకటే. ఒక ఏజెన్సీ పై మెట్టు మీద, ఇంకో ఏజెన్సీ అట్టడుగున. కాబట్టి "కొండ పిల్లలకు చదువు ఎక్కదండీ" అని పెదవి విరిచే పెద్దమనుషులు ఇక ఆ మాట మానుకుంటే మంచిది. ఎక్కించేవాళ్లు పట్టుబడితే ఎక్కుతుంది.

ఎలా పట్టుబడతారో ఒకసారి చూడండి. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి గది వేరే లోకం. వంద రోజుల ప్రణాళిక అంటారు. తెల్లవారుజామున స్టడీ అవర్, చలికి దుప్పటి కప్పుకునే పుస్తకం పట్టుకుంటారు. సాయంత్రం స్పెషల్ క్లాసు, రోజూ స్లిప్ టెస్టు. వెనకబడ్డ పిల్లలను ఒక్కో మాస్టారు ఇంతమంది అని పంచుకుంటారు. ముప్పై అయిదు మార్కులకు ఏ పాఠాలు చాలో, ఏ పటం తప్పకుండా గీయాలో, లెక్కల్లో ఏ గ్రాఫు చేతికొస్తే గట్టెక్కొచ్చో అన్నీ ఒక కాగితం మీదకు తెస్తారు. పిల్ల బడికి రాకపోతే గూడేనికి మనిషి వెళతాడు. ఈ కష్టాన్ని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వీళ్లలో సీఆర్‌టీలున్నారు, అంటే కాంట్రాక్టు టీచర్లు, రెగ్యులర్ మాస్టారికి వచ్చేదాంట్లో చిన్న ముక్క తెచ్చుకుంటూ అదే పాఠం చెప్పేవాళ్లు.

ఇప్పుడు నాలుగో మనిషి మాట. ఆటో నడుపుతాడు, ఇరవై దాటి ఉండవు. అంతసేపూ నోరు మెదపలేదు. "పదిలో నా ఫొటో ఫ్లెక్సీ మీద ఎక్కింది సార్. జూనియర్ కాలేజీలో ఎంపీసీలో జేరినాను. ఫిజిక్సు మాస్టారు చెప్తంటే ఒక్క ముక్క తెలిసేది కాదు. ఆరు నెల్లకి ఒచ్చీసినాను" అన్నాడు. ఫ్లెక్సీ ఏమైందని అడిగాను. పశువుల సాల మీద కప్పారట.

ఎవరి మాట వాళ్లకు నిజం అనేసి లేచిపోవచ్చు. అలా తప్పుకోవడం నాకిష్టం లేదు. నా అభిప్రాయం ఇదీ: మన హైస్కూలు పదో తరగతి మంచిది, ఆరో తరగతి మంచిది కాదు. పది మీద అందరి కన్నూ ఉంటుంది, కలెక్టరు నుంచి విలేకరి దాకా. ఆరు మీద ఎవరి కన్నూ ఉండదు. ఆరు, ఏడు, ఎనిమిదిలో నేర్పనిదాన్ని వంద రోజుల్లో కూరితే పరీక్ష గట్టెక్కుతుంది, ఇంటర్ గట్టెక్కదు. ఆటో కుర్రాడికి జరిగింది అదే. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో సీటు పది మార్కుల మీదే వస్తుంది, సర్కారు బడి పిల్లలకు కాస్త అదనపు వెయిటేజీ కూడా ఉంది. అలా వెళ్లిన కొండ పిల్లలూ ఉన్నారు. వాళ్లు ఆరో తరగతి నుంచే చదివినవాళ్లయి ఉంటారని నా పందెం.

ఆరో తరగతిలో ఏం జరుగుతుందో చెప్పడానికి భాష దగ్గరికి రావాలి. ఇక్కడి సవర గిరిజనుల పిల్లవాడు ఇంట్లో సవర మాట్లాడతాడు, బళ్లో తెలుగు వింటాడు, పుస్తకం తెరిస్తే ఇంగ్లిష్. ఈ రెండు భాషల పుస్తకం మీరు చూసే ఉంటారు, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఒక ఏడో తరగతి పిల్లవాణ్ణి చదవమన్నాను. ఇంగ్లిష్ పేజీ గడగడా చదివేశాడు, ఆగలేదు, అర్థమూ కాలేదు. తెలుగు పేజీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు, సగం అర్థమైంది. తర్వాత పక్కవాడివైపు తిరిగి సవరలో ఏదో అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. ఏమన్నాడని అడిగితే, పాఠంలో కప్ప చేసిన పని తమ తాత చేసే పనిలాగే ఉందట. పాఠం అక్కడ తలకెక్కింది.

ఈ సంగతి గిడుగు రామమూర్తి పంతులుగారికి నూరేళ్ల కిందటే తెలుసు. పర్లాకిమిడిలో రాజావారి బళ్లో పాఠం చెబుతూ ఆయన సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చెప్పించారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వాడుక తెలుగు కోసం పోరాడారని ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం, సవర బడి సంగతి మాత్రం ఎత్తం. 2004లో సర్కారు సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు మొదలెట్టింది. మంచి పని. 2020 నుంచి ఇంగ్లిష్ మీడియం హోరులో ఆ మాట వినిపించకుండా పోయింది. ఇంగ్లిష్ వద్దనే మనిషిని కాను నేను. గూడెం తల్లి ఇంగ్లిష్ అడిగితే ఆమెకు హితబోధ చేసే హక్కు మనకు లేదు. కానీ ఇంగ్లిష్ వరకు పిల్లవాడు ఏ మెట్ల మీద నడిచి రావాలో అడిగే హక్కు ఆమెకుంది.

ఇక మాస్టర్ల సంగతి. ఈ కొండల్లో జనం బడిని చూడరు, మాస్టారిని చూస్తారు. దానికి పాత కారణం ఉంది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. జనం మధ్య ఉండి, వాళ్ల షావుకారు అప్పుల లెక్కలు చదివి, చివరికి శ్రీకాకుళ సాయుధ పోరాటంలోకి వెళ్లి 1970 జులైలో పోలీసు కాల్పుల్లో పోయారు. వాళ్ల రాజకీయాల మీద మీకు నాకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. "మాస్టారంటే మా ఊళ్లో ఉండాల" అనే మాట మాత్రం ఇక్కడ ఇంకా పోలేదు. పార్వతీపురం నుంచి బండి మీద వచ్చి నాలుగున్నరకు బండి తిప్పే మాస్టారు ఎంత బాగా చెప్పినా జనం ఆయనకు పాసు మార్కులే వేస్తారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో 3 వచ్చింది. నూటికి నూరు చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు మాట ఎత్తితే నెగడు దగ్గర ఇంకో గంట పడుతుంది, కాబట్టి ఎత్తను.

కానీ ఒకటి ఎత్తక తప్పదు. 2025 దసరా రోజుల్లో పక్కనే కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పిల్లలకు పచ్చకామెర్లు వచ్చాయి. వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. మళ్లీ చెబుతున్నా, మూడేళ్లు వరసగా రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకున్న జిల్లా ఇది. సంతకు దిగిన ఆ తల్లి జావా గుడ్డూ లెక్కబెట్టి బడి బాగుందంది గదా. కురుపాం మాట రాగానే ఆమె ముఖం మారింది. "నీళ్లు మరిగించి ఇస్తన్నారో నేదో సూడ్డానికే సంతకి దిగినాను" అంది. ఆమె చేస్తున్నదాన్ని మించిన తనిఖీ ఏ అధికారి చేసినట్టు నాకు తెలీదు.

సర్కారు ఇప్పుడు తల్లిదండ్రుల సమావేశాలు పెద్ద ఎత్తున జరుపుతోంది, 2024 డిసెంబరు 7న ఒకటి, 2025 జులై 10న ఇంకొకటి అయ్యాయి. మళ్లీ పెట్టినప్పుడు కూలి పని ఒక్క పూట మానుకుని వెళ్లండి. వేదిక మీద ఉపన్యాసం అవుతుండగా మీరు మెల్లగా లేచి కుళాయి తిప్పి చూడండి, మరుగుదొడ్డిలో నీళ్లున్నాయేమో చూడండి. ఆరో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, పరీక్షకు రాని పాఠమేదైనా తీసి చదివించండి, అర్థం మీ భాషలో చెప్పమనండి. హెడ్మాస్టారిని ఒక్కటే అడగండి: రెండేళ్ల కిందట పది పాసైనవాళ్లలో ఇవాళ ఎంతమంది ఇంటర్ పూర్తి చేశారు? ఆ లెక్క ఆయన దగ్గర లేకపోతే రాసి పెట్టమనండి, వచ్చే సమావేశానికి మళ్లీ అడగండి.