రెక్కల బాకీ

పైలటంటే ఉన్నోళ్ల బిడ్డనే అనుకుంటరు. మేం పాతబస్తీల సైకిళ్లు బాగుచేసెటోళ్లం. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలె. గంటగంటకు ఫీజు. అయినా నౌకరీ రాదు. పెద్ద విమానానికి టైప్ రేటింగంట, మళ్లీ లక్షలు.

బ్యాంకోళ్లు ఇంటి కాగితాలడిగిండ్రు. మా దగ్గరున్నది తాతలనాటి ఉర్దూ కాగితమొక్కటే. వడ్డీ హరామని అబ్బా, చదువు ఫర్జని అమ్మీ - నెలరోజులు ఇంట్ల లొల్లి. ఆఖరికి అమ్మీ గాజులు, చెల్లె షాదీ పైసలు, మామూల దగ్గర ఖర్జె హసనా. వడ్డీ లేదుగని బరువు లేదా? బ్యాంకు దావత్‌లల్ల ఎదురుపడదు, మామూలు పడ్తరు. బేకరీ కార్మికుడి బిడ్డ సల్వా ఫాతిమా పైలటయిందని పేపర్ల చూసి అందరు హిజాబ్ గురించి మాట్లాడిండ్రు. మేం ఫీజెట్ల కట్టిండ్రని అడిగినం. దాతలు, సర్కారు చెయ్యేస్తెనేనట!

2020 మార్చిల విమానాలాగినయి, తమ్ముని జీతం సగమైంది. ఏటా మెడికల్ పరీక్ష. అది తప్పితే అంతే. అందుకే ఇప్పుడు ముందు ఆరునెలల ఖర్చు పక్కకు, తర్వాత మామూల బాకీ, ఆ తర్వాతనే అమ్మీ గాజులు.

శంషాబాద్ దిక్కు కిరాయికి ఇల్లడిగితే జీతం చూసి సరేనన్నరు, పేరు విని ఖాళీ లేదన్నరు. తెల్లారుగట్ల డ్యూటీ ఉంటే అబ్బా ఇప్పటికీ గల్లీ చివరిదాక టార్చిలైటు పట్టుకొని వస్తడు.