ఈల ఊదేవారిని ఎవరు పంపుతారు?

ఆటలో ఓడినవారు రిఫరీని నిందించడం ఆటంత పాత అలవాటు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనలో ఊరికే పుట్టలేదు. అయితే ఆ రిఫరీ అక్కడికి ఎలా వచ్చాడు, రెండు జట్ల మధ్య నిలబడమని అతణ్ణి ఎవరు పంపారు, ఆ సాయంత్రానికి అతనికి ముట్టేదెంత అన్న ప్రశ్నలు ప్రేక్షకులకు సాధారణంగా తోచవు. తీర్పు నిష్పాక్షికంగా ఉండాలంటే తీర్పరి మనసు ఒక్కటే నిర్మలంగా ఉంటే చాలదు. అతణ్ణి నియమించే చేయి, అతనికి డబ్బిచ్చే చేయి కూడా ఆటకు కొంత దూరాన ఉండాలి. ఆ దూరాన్ని కాపాడడం ఎంత కష్టమో అమెరికాలోని ఉన్నత పాఠశాలల బాస్కెట్‌బాల్‌ను చూస్తే తెలుస్తుంది.

1891లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ శిక్షకుడు ఈ ఆటను కనిపెట్టాడు. చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి ఒక వ్యాపకం కావాలన్నదే అతని ఉద్దేశం. అతడు రాసిన మొదటి 13 నియమాలలోనే ఆటగాళ్ళ నడతను కనిపెట్టడానికి ఒక అంపైరు, బంతిని కనిపెట్టడానికి ఒక రిఫరీ ఉన్నారు. అంటే తీర్పరులు ఈ ఆటకు తరువాత వచ్చి చేరినవారు కారు, దానితోపాటే పుట్టినవారు.

నేడు ఆ దేశపు ఉన్నత పాఠశాలల్లో 5 లక్షలకు పైగా బాలురు, 3.5 లక్షలకు పైగా బాలికలు ఈ ఆట ఆడుతున్నారు. నవంబరు నుంచి మార్చి దాకా సాగే సీజనులో ప్రతి పట్టణంలోనూ వారానికి రెండు మూడు సాయంత్రాలు పోటీలు జరుగుతాయి. పాఠశాల ప్రధాన జట్టుతోపాటు దాని కింద చిన్న తరగతుల జట్లు కూడా ఉంటాయి. వాటి పోటీలకు ఇద్దరు రిఫరీలు సరిపోతారు. ప్రధాన జట్ల పోటీకి అనేక రాష్ట్రాలు ముగ్గురిని నియమిస్తాయి.

ఇంతమంది ఎక్కడి నుంచి వస్తారు? వీరిలో ఈ పనినే వృత్తిగా పెట్టుకున్నవారు బహు అరుదు. పగలు పాఠాలు చెప్పే టీచర్లు, తపాలా ఉద్యోగులు, పోలీసులు, బీమా ఏజెంట్లు, పదవీ విరమణ చేసినవారు సాయంత్రం కాగానే నలుపు తెలుపు చారల చొక్కా తొడుక్కొని బయలుదేరుతారు. 1920లో ఏర్పడి, ఇండియానాపొలిస్ నగరం కేంద్రంగా పనిచేస్తున్న పాఠశాల క్రీడాసంఘాల జాతీయ సమాఖ్య ఆట నియమాలను రాస్తుంది. రిఫరీలను నమోదు చేసుకొనేది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు క్రీడాసంఘమే. రిఫరీ ఏటా రుసుము చెల్లించి, నియమాల పరీక్ష రాసి, సమావేశాలకు హాజరు కావాలి. చొక్కా, బూట్లు, ఈల అన్నీ సొంత ఖర్చే. మొదటి ఆట ఆడించి పైసా కళ్ళజూడక ముందే అతని చేతి డబ్బు కొంత వదులుతుంది.

పూర్వం చాలాచోట్ల ఆతిథ్యమిచ్చే పాఠశాలే రిఫరీలను పిలుచుకొనేది. ఆ పాఠశాల క్రీడల డైరెక్టరు తనకు తెలిసిన నలుగురికి ఫోన్ చేసేవాడు. ఎవరికి వీలుంటే వారు వచ్చేవారు. ఇందులో ఒక చిక్కు దాగి ఉన్నది. పిలిచేది ఒక పక్షమే, ఆట ముగిశాక కవరులో చెక్కు పెట్టి ఇచ్చేదీ ఆ పక్షమే అయితే, రెండవ పక్షం గుండె మీద చేయి వేసుకొని ఎలా ఆడగలదు? రిఫరీ ఎంతటి ధర్మాత్ముడైనా సరే, ఈసారి తన తీర్పు నచ్చకపోతే వచ్చేసారి పిలుపు రాదన్న ఊహ అతని తలలో మెదలకుండా ఉండదు.

ఆ చిక్కును తొలగించడానికే మధ్యలో మరొక వ్యక్తిని నిలబెట్టారు. ఏ ఆటకు ఎవరు వెళ్ళాలో నిర్ణయించే ఇతణ్ణి అసైనర్ అంటారు. అనేక పాఠశాలల సముదాయానికో, ఒక ప్రాంతపు రిఫరీల సంఘానికో ఇతడు పనిచేస్తాడు. పాఠశాలలు తమ పోటీల పట్టికను ముందుగానే అతనికి పంపుతాయి. రిఫరీలు తమకు వీలుకాని తేదీలను తెలియజేస్తారు. ఒకప్పుడు ఈ వ్యవహారమంతా కాగితాల మీద, టెలిఫోన్ మీద నడిచేది. ఇప్పుడు చాలాచోట్ల ‘అర్బిటర్’ వంటి కంప్యూటరు వ్యవస్థల ద్వారా సాగుతున్నది. ఆట కేటాయించగానే రిఫరీకి కబురు వెళుతుంది. అతడు అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు.

యంత్రం తేదీలను సరిపోల్చగలదు గాని మనుషులను తూచలేదు. ఆ తూకం అసైనర్‌దే. తాను చదివిన పాఠశాలకు, తన పిల్లలు చదివే పాఠశాలకు ఏ రిఫరీనీ పంపరాదు. ఒకే జట్టుకు ఒకే మనిషిని పదేపదే పంపరాదు. కొత్తవాడి పక్కన అనుభవజ్ఞుణ్ణి నిలపాలి. చిరకాల ప్రత్యర్థులు తలపడే రాత్రి, జనం కేకలకు చలించనివారిని ఎంచాలి. కిందటి వారం ఒక కోచ్‌తో మాట పట్టింపు వచ్చినవాణ్ణి ఈ వారం ఆ కోచ్ ఎదుట పెట్టకుండా ఉంటే మంచిది. వీటన్నిటికీ తోడు దూరం చూడాలి. ఐదు గంటలకు ఆఫీసు వదిలినవాడు ఆరు గంటల ఆటకు అరవై మైళ్ళు పోలేడు.

అనేక ప్రాంతాల్లో ప్రధాన పోటీలన్నీ మంగళ, శుక్రవారాల్లోనే పడతాయి. మిగతా రోజుల్లో ఖాళీగా కూర్చున్న రిఫరీలు ఆ రెండు సాయంత్రాలూ చాలరు. ఒక్క మంచు తుఫాను వచ్చి నాలుగు ఆటలు వాయిదా పడితే పట్టిక మొత్తం తలకిందులవుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఎవరో జ్వరమని కబురు చేస్తారు. అప్పుడు అసైనర్‌కు ముందు చూస్తే నుయ్యి, వెనుక చూస్తే గొయ్యి. అంతా సవ్యంగా జరిగిన రోజున అతని పేరు ఎవరూ తలచరు.

ఇక ప్రతిఫలం. జీతం లేదు, ఆటకు ఇంత అని లెక్క. రాష్ట్రాన్ని బట్టి, స్థాయిని బట్టి ప్రధాన జట్ల పోటీకి ఒక్కొక్కరికి సుమారు 50 నుంచి 100 డాలర్లు, కొన్నిచోట్ల అంతకు మించి ఇస్తారు. చిన్న జట్ల ఆటకు అంతకన్న తక్కువ. కొన్ని రాష్ట్రాల్లో ప్రయాణానికి మైలుకింత అని కలుపుతారు, కొన్నిచోట్ల అదీ ఉండదు. గోడ మీది గడియారం ప్రకారం ఆట ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు, మొత్తం 32 నిమిషాలే. రిఫరీ లెక్క వేరు. 80 డాలర్ల ఆటకు రాకపోకలతో కలిపి నాలుగు గంటలు పడితే గంటకు 20 డాలర్లు. అందులోంచి పెట్రోలు, దుస్తులు, వార్షిక రుసుము తీసివేయాలి. ఏడాదికి నికర ఆదాయం 400 డాలర్లకు చేరితే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను లెక్కకు వస్తుంది. దానిని తానే లెక్కకట్టి చెల్లించుకోవాలి.

ఇంతకీ అతడు ఎవరి ఉద్యోగి? ఈ ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో లక్రాస్ అనే మరో పాఠశాల క్రీడకు చెందిన రిఫరీలు కార్మిక సంఘంగా ఏర్పడదలచారు. వారు రాష్ట్ర క్రీడాసంఘపు ఉద్యోగులేనని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2017లో తేల్చింది. వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు 2019లో ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. వారికి డబ్బు ఆటకింత చొప్పున ముడుతున్నది, అదీ ఎక్కువగా పాఠశాలల నుంచే. ఏడాదిలో వారు పనిచేసే దినాలు కొద్ది. కనుక వారు స్వతంత్రంగా పని ఒప్పుకొనేవారే తప్ప ఉద్యోగులు కారన్నది కోర్టు అభిప్రాయం. ఆ స్వతంత్రత తీర్పుకు బలం. మనిషికి మాత్రం అది ఒంటరితనం కూడా.

మన దేశంలో పాఠశాల పోటీలకు సాధారణంగా వ్యాయామ ఉపాధ్యాయులే రిఫరీలు. టోర్నమెంటు రోజుల్లో వారిని విధి నిర్వహణ కింద పిలిచి భత్యం ఇస్తారు. కొద్ది రోజుల్లో ముగిసే పోటీలకు ఆ ఏర్పాటు సరిపోతుంది. కాని తాను తర్ఫీదు ఇచ్చిన పిల్లలే మరుసటి ఆటలో దిగినప్పుడు పక్కకు తప్పుకోవలసిన ధర్మసంకటం మన ఉపాధ్యాయుడికీ తెలిసినదే. ఊరు ఏదైనా తీర్పరి సమస్య ఒక్కటే.

అమెరికాలో ఇప్పుడు ఆ దూరాన్ని కాపాడడమే కష్టమవుతున్నది. 2018-19 తరువాత మూడు సీజన్లలో అన్ని క్రీడలలోనూ కలిపి సుమారు 50,000 మంది పాఠశాల రిఫరీలు తప్పుకున్నారని జాతీయ సమాఖ్య వెల్లడించింది. కోవిడ్ ఒక కారణం. తరువాత సంఖ్య కొంత కోలుకున్నది. కాని జబ్బు అంతకు ముందు నుంచే ఉన్నది. 2017లో జరిగిన ఒక పెద్ద సర్వేలో రిఫరీల సగటు వయసు 53 ఏళ్ళని తేలింది. 2019 జనవరిలో సమాఖ్య అధిపతి తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ రాశారు. కొత్తగా చేరిన యువ రిఫరీలలో 80 శాతం రెండేళ్ళకే ఈల వదిలివేస్తున్నారని, పెద్దల దురుసు ప్రవర్తనే నిష్క్రమణకు ముఖ్య కారణమని అందులో ఉన్నది. రిఫరీలపై దాడిని ప్రత్యేకంగా శిక్షించే చట్టాలను ఇరవైకి పైగా రాష్ట్రాలు చేయవలసి వచ్చింది.

మనుషులు తగ్గితే మొదట దెబ్బతినేది చిన్న తరగతుల పిల్లలే. వారి ఆట వాయిదా పడుతుంది, లేదా రద్దవుతుంది. ముగ్గురు ఉండవలసిన చోట ఇద్దరే పరుగెత్తుతారు. కంటపడని తప్పులు పెరుగుతాయి, వాటితోపాటు కేకలూ పెరుగుతాయి. ఆ కేకలు విని మరొకడు మానుకుంటాడు. ఎంపికకు పదిమంది ఉన్నప్పుడే అసైనర్ తూకం వేయగలడు. ఇద్దరే మిగిలితే తూకపు రాళ్ళు పక్కన పెట్టి ఆ ఇద్దరినే పంపుతాడు. వారిలో ఒకడు ఆ పాఠశాలలోనే చదివినవాడైనా, కిందటి వారం కోచ్‌తో గొడవపడినవాడైనా గత్యంతరం లేదు. ఇన్నేళ్ళుగా శ్రమపడి ఏర్పరచిన దూరం ఆ విధంగా ఒక్క శుక్రవారం రాత్రి చెరిగిపోతుంది.

కొన్ని రాష్ట్రాలు ప్రతిఫలం పెంచాయి. అది న్యాయమే, అవసరమే. కాని ఎనభై డాలర్లు తొంభై అయినంత మాత్రాన రెండు గంటల తిట్లు వినడానికి ఎవరూ ముందుకు రారు. పిల్లవాడికి ఆట నేర్పేవాడు కోచ్. ఓటమిని మర్యాదగా ఒప్పుకోవడం నేర్పవలసింది మెట్ల మీద కూర్చున్న అమ్మానాన్నలు. వారు ఆ పాఠం చెప్పిన ఊళ్ళో అసైనర్ పిలిచినప్పుడు వస్తానని చెప్పేవారు పదిమంది దొరుకుతారు, అక్కడి పిల్లలు తీర్పును నమ్మి ఆడుకుంటారు.