ఇంటి పేరుకు గడి లేని జాబితా

మా నాన్నగారు విశాఖ జిల్లాలో కరణం. పొలం తగాదా వచ్చినా, పెళ్ళి సంబంధం వచ్చినా ఊరు మా అరుగు మీదకే వచ్చేది. ఎవరి తాత ఎవరికి అన్నదమ్ముడో ఆయనకు కంఠతా. 1984లో కరణీకాలు రద్దయ్యాయి గానీ ఆ యావ నాకు అంటుకుంది. రెవెన్యూ రికార్డు గదిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవుల్లో వంశవృక్షాలు గీసేవాణ్ణి. పదవీ విరమణ తర్వాత అదే నా పని.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను డర్బన్ చేర్చింది. 1911 వరకూ 1,52,000 మందికి పైగా అలా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్ళారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు. ఇంటి పేరుకు మాత్రం గడి లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరో తాత పేరో ఇంటి పేరైపోయింది. డర్బన్‌లో ఇవాళ అప్పలసామి అంటే ఇంటి పేరు.

జాబితా నకలు చేతికి రాగానే ఊరి పేరు పైకి చదువుతాను. తెల్లవాళ్ళ రాతలో శ్రీకాకుళం చికకోల్, భీమునిపట్నం బిమ్లిపటం. కంటికి అంతుపట్టనిది నాలుగుసార్లు పలికితే చెవికి దొరుకుతుంది. తర్వాత ఆ పేరున్న ఊళ్ళన్నీ రాసుకోవాలి. ఒకసారి ఆ పని చెయ్యకుండా తొందరపడి ఒక కుటుంబాన్ని వేరే ఊరికి పంపాను. వాళ్ళు అక్కడి గుళ్ళో పూజ చేయించుకుని, మట్టి మూటగట్టుకుని వెళ్ళారు. తప్పు తెలిశాక ఉత్తరం రాయడానికి నాకు నెల పట్టింది. అప్పటినుంచి మూడు ఆనవాళ్ళు కలిస్తే గానీ నోరు విప్పను.

మా వైపు కాగితాలూ తక్కువే. జమీందారీ ఊళ్ళు చాలావాటికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ ప్రభుత్వ సర్వే రాలేదు. పైగా ఓడెక్కినవాళ్ళలో చాలామందికి సెంటు భూమి లేదు. భూమి లేనివాడి పేరు ఏ అడంగల్‌లో వెతకను? అందుకే ముసలమ్మలను అడుగుతాను. పుట్టింటి వరస, అత్తింటి వరస రెండూ వాళ్ళకు నోటికొచ్చు. ఒకే ఇంటి పేరున్న చోట పిల్లనివ్వకూడదు కనక ఇంటి పేరు ఎవరూ మరిచిపోరు.

కొన్నేళ్ళ కిందట డర్బన్ నుంచి అరవై ఏళ్ళావిడ వచ్చారు. ముత్తాత ఓడెక్కినవాడు. ఊరు అనకాపల్లి దగ్గరిదని తేలింది. ఉగాది ముందురోజు వాళ్ళ నాయనమ్మ నూకాలమ్మ పేరు చెప్పి దీపం పెట్టేదట. కొత్త అమావాస్యకు అనకాపల్లిలో జరిగేది ఆ తల్లి పండగే. రెండు ఆనవాళ్ళు కలిశాయి.

ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ నులకమంచం మీద కూర్చుని వచ్చినావిడ చెయ్యి పట్టుకుంది. "మీ ఇంటి పేరేటమ్మా?" అంది. నేను తర్జుమా చేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

ముసలమ్మ కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుంది. "మా మావ సిన్నాన్న ఒకడు ఓడెక్కి పోనాడంట. ఆళ్ళమ్మ సచ్చీదాకా ఆడికి కంచంలో ముద్ద తీసి పెట్టీదంట" అంది. ఆ సిన్నాన్న తండ్రి పేరేమిటని అడిగాను. జాబితాలో తండ్రి గడిలో ఉన్న పేరే చెప్పింది. ఆమె పెద్దకొడుక్కీ ఆ పేరే పెట్టారు.

అప్పుడు ముసలమ్మ తమ ఇంటి పేరు చెప్పింది. డర్బన్ ఆవిడ దాన్ని మూడుసార్లు పలికి, సరిగ్గా వచ్చాక ఏడ్చారు.

నా నోటుపుస్తకంలో ఓడ జాబితాలోని గడులన్నీ ఉంటాయి. వాటికి ముందు నేను కలిపిన గడి ఒకటుంది, ఇంటి పేరుకు. ఆ రోజు ఒక పుటలో అది నిండింది. ఖాళీగా ఉన్న పుటలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ ముసలమ్మలు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.