ఒడ్డున నిలిచినవాడు

సంపాదకవర్గం వారు ఏదైనా గంభీరమైన వ్యాసం వ్రాయవలసినదని ఆదేశించారు. ప్రబంధ నాయికలను గూర్చి వ్రాయవచ్చును. కాని ఈ ఏడు నా భయాన్ని గూర్చి వ్రాయదలచాను. పాఠకులు మన్నింతురు గాక.

నాకు పదేళ్ళ ప్రాయంలో మా అబ్బాజాన్ నన్ను నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరానికి తీసుకొని వెళ్ళారు. పరిచయస్థులైన పట్టపువారు పడవను అలలలోనికి నెట్టుతూ మమ్మల్ని పిలిచారు. "ఎక్కు బేటా" అన్నారు అబ్బాజాన్. అల లేచినప్పుడల్లా పడవ ముక్కు ఆకాశాన్ని చూచి, మరుక్షణం క్రింద కూలబడుతోంది. నేను కదలలేదు. వలలు బాగుచేస్తున్న తాత వద్ద నన్ను కూర్చుండబెట్టి, ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాతోపాటే పెరిగింది.

2019 జనవరిలో విద్యార్థులతో హైదరాబాదు విహారయాత్రకు వెళ్ళాను. రావిర్యాల వద్ద 2016లో వెలసిన వండర్‌లా ఉద్యానంలో రోలర్ కోస్టర్ ఉన్నది. దానికి మన భాషలో పేరు లేదు; రంగులరాట్నం అనడానికి వీలులేదు. ఫ్రెంచివారు దానిని 'రష్యా కొండలు' అంటారు, రష్యావారు 'అమెరికా కొండలు' అంటారు. భయాన్ని పొరుగువానికి అంటగట్టడం మానవ స్వభావం కాబోలు! రష్యాలో మంచుదిబ్బల మీద జారే క్రీడగా మొదలై, 1884లో న్యూయార్కులోని కోనీ ఐలండులో థాంసన్ చేతిమీదుగా గంటకు ఆరు మైళ్ళు నడిచే బండి అయినది.

వరుసలో నిలిచి ఉండగా భౌతికశాస్త్రోపన్యాసకులు వివరించారు: "రైలును వెనుకకు లాగి ఎత్తుకు చేర్చి విడుస్తారు. తరువాత ఇంజను లేదు. ఆ ఎత్తే దానికి శక్తి. తలక్రిందులుగా తిరిగి ఎదుటి ఎత్తుకు చేరేసరికి ఘర్షణ కొంత శక్తిని తినివేస్తుంది. అక్కడ రెండవ గొలుసు అందుకొని ఆ లోటు తీరుస్తుంది. పిదప అదే దారిన వెనుకకు."

బి.ఏ. మూడవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె నా వద్దకు వచ్చింది. ఊరు దాటడం ఆమెకు అదే మొదలు. "మీ పూచీ మీద పంపుతున్నాను సార్" అని తల్లి నాకు అప్పగించిన బిడ్డ.

"మీరెక్కితే నేనూ ఎక్కతాను సార్" అన్నది.

ధైర్యాన్ని గూర్చి ఎన్నో పద్యాలకు తాత్పర్యం చెప్పినవాడను. కాని నా పాదాలు మైపాడు ఇసుకలో దిగబడినట్లే ఉన్నవి.

"నాకూ భయమే అమ్మా" అన్నాను. ఒక విద్యార్థితో ఆ మాట అనడం అదే ప్రథమం.

ఆమె విస్తుపోయి చూచి, "అయితే అందరం కలిసి భయపడదాం సార్" అని దుపట్టా గట్టిగా ముడివేసుకొన్నది. స్నేహితురాలితో ముందు వరుసలో కూర్చున్నది. నేను కళ్ళజోడు తీసి, బిస్మిల్లా అనుకొని, వెనుక వరుసలో కూర్చున్నాను.

రైలును విడిచిన క్షణాన నా నోట వచ్చినది "అబ్బా!" అన్న ఒక్క కేక. తెలుగులో అది వెరపు. మా ఇంటి ఉర్దూలో తండ్రిని పిలిచే పిలుపు. అప్పుడు నేను ఏ భాషలో అరిచానో నేటికీ నాకు తెలియదు. దిగిన పిదప చూస్తే నా కళ్ళు తడిగా ఉన్నవి. గాలి వలన అని అందరితో చెప్పాను.

తిరుగు ప్రయాణంలో ఆ విద్యార్థిని మెల్లగా అన్నది: "తిరుపతిలో ఎం.ఏ. చదవాలని ఉంది సార్. మా అబ్బాకు మీరు చెప్పండి."

"ముందు నీవు చెప్పు. నేను ప్రక్కనే ఉంటాను. నీ మాట ఆగిన చోట అందుకొంటాను" అన్నాను.

వారం తరువాత వారి ఇంటికి వెళ్ళాను. ఆమె చెప్పింది, రెండుసార్లు ఆగింది, రెండుసార్లు అందుకొన్నాను. తండ్రి చాలాసేపు మౌనం వహించారు. రైలు కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. చివరకు ఆయన, "హాస్టలుకు ఎంతవుతుంది?" అని అడిగారు. ఆ ఏడే ఆమె శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చేరింది.

మా అబ్బాజాన్ నేడు లేరు. ఆనాటి ఆయన మౌనం కోపం కాదేమో, నేను ఎక్కే వేళకై నిరీక్షణ ఏమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! భయపడవద్దని మీకు ఇకపై చెప్పను. భయపడినప్పుడు ఆ మాట ఒకరితో చెప్పుకొనండి. మరొకరు భయపడినప్పుడు వారి వెనుక వరుసలోనైనా కూర్చొనండి.