గొర్రెపిల్లకు ఏడు కొమ్ములు

ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయంలో సముద్రం నుంచి లేచే మృగానికి చిరుత ఒళ్లు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు. అచ్చంపేటలో కూర్చుని చదివితే ఇందులో రెండు మా ఇరుగుపొరుగే. అమ్రాబాద్ అడవిలో వాటి అడుగుజాడలు పోల్చుకునేవాళ్లు ఉన్నారు. సింహం మాత్రం మాకు బొమ్మల్లోనే.

దానియేలు ఏడో అధ్యాయంలో నాలుగు మృగాలు విడివిడిగా వస్తాయి, ఒక్కోటీ ఒక్కో రాజ్యం. యోహాను వాటన్నిటినీ ఒకే ఒంట్లోకి కుదించాడు. ఆ ఒళ్లు రోమ్. 666 అంటే హీబ్రూ అక్షరాల్లో నీరో చక్రవర్తి పేరు లెక్క అని చాలామంది పండితులంటారు. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంటుంది.

మా అమ్మమ్మకు ఈ లెక్కలు పట్టవు. "ముద్ర లేకుంటే సరుకు దొరకదని ఉంది గద బిడ్డా, మరి ఈ ఆధార్ ఏంది?" అంది. కోడ్ రాసి బతికేవాణ్ని, నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ కూలిపనికి అరిగిన ఆమె వేలిముద్ర మిషన్‌లో పడక రేషన్ షాపు నుంచి రెండుసార్లు ఖాళీ సంచితో వచ్చింది. అది వాట్సాప్ పుకారు కాదు. చక్రవర్తి బొమ్మున్న నాణెంతో సంతకెళ్లిన యోహాను పాఠకులకూ ఇలాంటి గుబులే ఉండేదేమో.

నాకిష్టమైంది అయిదో అధ్యాయం. సింహం గెలిచిందని ఒక పెద్ద చెబుతాడు. యోహాను చూస్తే అక్కడున్నది గొర్రెపిల్ల, వధించిన గుర్తుతో, ఏడు కొమ్ములతో. మృగంతో భయపెట్టే ప్రసంగాలు ఈ పేజీని ఎందుకో తొందరగా దాటేస్తాయి.

అది చదివి వినిపిస్తే, గొర్రెలు కాసిన మనిషి కదా, "పిల్లకు అప్పుడే కొమ్ములు మొలిచినయా?" అంది. కొమ్మంటే బలానికి గుర్తని చెప్పాను. సరేగానీ, వచ్చే నెల రేషన్‌కు తోడు రమ్మంది.